లిస్టులో లేని పాట

(జగిత్యాలలో సాహిత్య మిత్రుల సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఆర్కెస్ట్రా కీబోర్డు కళాకారుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరుస అంటే మనకు ఎప్పుడూ భయమే, బడిలో సారు ప్రశ్న అడిగేది ఆ వరుసనే కదా. రండి, నేనేం అడగను. అడిగినా మార్కులు వెయ్యను.

నన్ను వక్త అని పరిచయం చేశారు. అంత లేదు. బ్యాంకు కౌంటర్ వెనక ముప్పై నాలుగేళ్ళు కూర్చున్నవాణ్ణి, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినవాణ్ణి. పెళ్ళిళ్ళు, వినాయక చవితి మండపాలు, కాలేజీ వార్షికోత్సవాలు. అడ్వాన్సు ఎంత, బండి ఎవరిది, భోజనం పెడతారా పెట్టరా? మా లోకమంతా ఈ మూడు ప్రశ్నలే. నాలుగో ప్రశ్న ఒకటుంది. అది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పిలుస్తున్నది ఎవరు? రావద్దంటున్నది ఎవరు? ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ నాలుగో ప్రశ్న గురించే.

మనుషుల్ని రంగు చూసి ఊరవతలికి తరిమే ప్రభుత్వం పిలిస్తే వెళ్ళి పాడొచ్చా? రాసినందుకు రచయితను చంపే రాజ్యం పిలిస్తే వెళ్ళి నవ్వించొచ్చా? ఇవి ఎక్కడో అమెరికా గాయకుల గొడవలు, మనకెందుకు అంటారేమో. కాసేపు ఓపిక పట్టండి. మన దగ్గరికే వస్తాను.

అసలు బహిష్కారం అనే మాటను జగిత్యాలలో నేను కొత్తగా వివరించాలా? 1978లో ఈ తాలూకాలో ఏం జరిగిందో ఇక్కడున్న పెద్దలు కళ్ళారా చూశారు. దొరకు చాకలి బందు, మంగలి బందు, పాలేరు బందు. బట్ట ఉతికేవాడు లేడు, గడ్డం గీసేవాడు లేడు, దున్నేవాడు లేడు. కొందరు దొరలు ఊళ్ళు వదిలి పట్నం పోయారు. అంతకుముందు అదే బందును దొరలూ పెద్దకులాలవాళ్ళూ బీదవాళ్ళ మీద వాడేవాళ్ళు, అదీ మీకు తెలుసు. అంటే బహిష్కారం దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరు ఎవరి మీద వేశారన్నదే లెక్క.

ఇంకొకటి. వెట్టి రోజుల్లో గడీ ముందు డప్పు కొట్టమంటే, కొట్టను అనగలిగినవాడున్నాడా? డప్పు కూడా వెట్టే కదా. కాబట్టి కాదనలేని కళాకారుడి జోలికి ఈ రోజు నేను పోను. కాదని, విమానం ఎక్కకుండా ఇంట్లో కూర్చున్నా అన్నం దొరికేవాడి గురించే నా మాటలన్నీ.

సరే, దక్షిణాఫ్రికాకు పోదాం.

బోఫుతాట్స్వానా. పలకడం కష్టం, ఇంట్లో నాలుగుసార్లు అభ్యాసం చేసి వచ్చాను. మా ఆవిడ ఏదో మందు పేరనుకుంది. ఇది అప్పట్లో ఒక దేశం పేరు. దేశం అనాలో అనకూడదో, అదే అసలు కథ. దక్షిణాఫ్రికాలో తెల్ల ప్రభుత్వం ఒక తెలివైన పని చేసింది. నల్లవాళ్ళకు ఓటు ఇవ్వాలని లోకమంతా అంటోంది కదా, వీళ్ళు అసలు మా పౌరులే కాదు అనేస్తే సరిపోతుంది కదా అనుకుంది. దేశంలో అక్కడో ముక్క, ఇక్కడో ముక్క తీసి, తెగకో దేశం అని పేరు పెట్టింది. త్స్వానా మాట్లాడేవాళ్ళకు ఇచ్చిన ముక్కలన్నీ కలిపి బోఫుతాట్స్వానా. 1977 డిసెంబరులో దానికి స్వాతంత్ర్యం ప్రకటించారు. జెండా ఉంది, లూకాస్ మంగోపే అని అధ్యక్షుడున్నాడు. ఐక్యరాజ్యసమితిలో ఒక్క దక్షిణాఫ్రికా తప్ప ఏ సభ్యదేశమూ దాన్ని గుర్తించలేదు. ముక్కకూ ముక్కకూ మధ్య తెల్లవాళ్ళ పొలాలు. పక్క ముక్కలో ఉన్న చుట్టం ఇంటికి పోవాలంటే వేరే దేశం దాటిపోవాలన్నమాట. ఎలా ఉంది?

ఇప్పుడు ఇందులో వ్యాపారం చూడండి. దక్షిణాఫ్రికాలో అప్పట్లో జూదం నిషేధం. బోఫుతాట్స్వానా వేరే దేశం కదా, అక్కడ నిషేధం లేదు. సోల్ కెర్జ్‌నర్ అనే హోటళ్ళ వ్యాపారి 1979లో అక్కడ సన్ సిటీ అని ఒక ఊరంత హోటల్ తెరిచాడు. జోహనెస్‌బర్గ్ నుంచి కారులో రెండు గంటలు. క్యాసినో, గోల్ఫు, ఈత కొలను, వేలమంది కూర్చునే సూపర్ బౌల్ అనే హాలు. ఆ హాలు నింపాలంటే పేరున్న గాయకులు కావాలి. ఐక్యరాజ్యసమితేమో 1968లోనే దక్షిణాఫ్రికాతో సాంస్కృతిక సంబంధాలు ఆపండి అని తీర్మానం చేసింది. 1980లో కళాకారులను, సంగీతకారులను పేరుపెట్టి పిలిచి మరీ వెళ్ళవద్దని చెప్పింది. కెర్జ్‌నర్ మనుషులు ఏమనేవారు? ఇది దక్షిణాఫ్రికా కాదండీ, వేరే దేశం! పైగా మా హాల్లో తెల్లా నల్లా పక్కపక్కన కూర్చుంటారు, వచ్చి మీరే చూడండి!

నిజమే, కూర్చునేవాళ్ళు. టికెట్టు కొనగలిగిన నల్లవాడు తెల్లవాడి పక్కన కూర్చునేవాడు. పాట అయిపోయాక ఎవరి ఊరికి వాడు పోయేవాడు. ఆ ఊళ్ళు ఎక్కడున్నాయో, ఎవరు అక్కడికి తోలారో, హాల్లో ఉన్న రెండు గంటలూ గుర్తు రాదు. హాలు పని అదే.

అమెరికా గాయకుడు ఫ్రాంక్ సినాత్రా 1981లో వెళ్ళి సూపర్ బౌల్‌లో పాడాడు. పదహారు లక్షల డాలర్లకు పైనే ముట్టాయని అప్పటి పత్రికలు రాశాయి. 1981లో పదహారు లక్షల డాలర్లు! ఆ తర్వాత రాడ్ స్టూవర్ట్ వెళ్ళాడు, ఎల్టన్ జాన్ వెళ్ళాడు. 1983 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక కమిటీ ఒక జాబితా అచ్చువేసింది. వెళ్ళి పాడినవాళ్ళ పేర్లు. ఇక వెళ్ళం అని మాట ఇస్తే పేరు తీసేసేవాళ్ళు. మన బ్యాంకుల్లో ఎగవేతదారుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టినట్టు. బాకీ కడితే పేరు తీసేస్తాం. నాకు ఆ పద్ధతి నచ్చింది, వృత్తిరీత్యా.

1984 అక్టోబరులో క్వీన్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం వెళ్ళింది. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఆ బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ అంటే నాకు ప్రాణం. ఆయన అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. పార్సీ. జాంజిబార్‌లో పుట్టాడు, మహారాష్ట్రలోని పంచగనిలో హాస్టల్లో చదువుకున్నాడు. పియానో పట్టింది అక్కడే. ఆయన ఇంగ్లండ్ పాస్‌పోర్టుతో స్టార్‌గా వెళ్ళాడు కాబట్టి సరిపోయింది. అదే డర్బన్‌లో పుట్టి ఉంటే కాగితం మీద 'ఇండియన్' అని రాసి, ఎక్కడ ఉండాలో, ఏ రైలుపెట్టె ఎక్కాలో, ఏ బీచిలో దిగాలో చెప్పేవాళ్ళు. సన్ సిటీలో ఆయన గొంతు మొరాయించింది, కొన్ని ప్రదర్శనలు రద్దయ్యాయి. గొంతుకు ఆ మాత్రం జ్ఞానం ఉన్నట్టుంది. తిరిగొచ్చాక ఇంగ్లండ్ సంగీతకారుల సంఘం జరిమానా వేసింది. మేము రాజకీయాల వాళ్ళం కాదు, వర్ణవివక్షను మేమూ ఒప్పుకోం, మా అభిమానుల కోసం వెళ్ళాం అన్నారు వాళ్ళు. అక్కడి మూగ చెవిటి పిల్లల బడికి డబ్బు కూడా ఇచ్చారు. అదీ అబద్ధం కాదు.

మరి అక్కడి మనవాళ్ళు అప్పుడు ఏం చేస్తున్నారు? మనవాళ్ళంటే నిజంగా మనవాళ్ళే. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. చెరుకు తోటల్లో కూలికి. ఆ తర్వాత యాభై ఏళ్ళలో లక్షన్నర మంది దాకా వెళ్ళారు, అందులో తెలుగువాళ్ళు వేలమంది. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, ఇప్పటికీ ఉంది. వాళ్ళ మనవళ్ళనూ మునిమనవళ్ళనూ ఏ రంగువాడు ఎక్కడ ఉండాలో చెప్పే 1950 చట్టం కింద సొంత ఇళ్ళలోంచి లేపి చాట్స్‌వర్త్ అనే చోటికి తోలారు. అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు.

ఇప్పుడు తేదీలు చూడండి. 1984 ఆగస్టులో తెల్ల ప్రభుత్వం ఇండియన్లకు ఒక ఎర వేసింది. మీకు పార్లమెంటులో వేరే సభ ఇస్తాం, వచ్చి ఓట్లు వెయ్యండి అంది. నల్లవాళ్ళకు మాత్రం ఏమీ లేదు. మీరైతే ఏం చేసేవారు? వందేళ్ళుగా ఓటు లేనివాడికి ఓటు పెట్టె తెచ్చి ముందు పెడితే? నమోదైన ఇండియన్ ఓటర్లలో ఐదుగురిలో నలుగురు గడప దాటలేదు. రాము అన్నారు. నల్లవాడికి లేని ఓటు మాకొద్దు అన్నారు. అది ఆగస్టు ఆఖరు. వారం తిరక్కుండానే సెప్టెంబరు మొదట్లో జోహనెస్‌బర్గ్ దక్షిణాన వాల్ బస్తీల్లో అద్దె పెంచినందుకు జనం లేచారు, పోలీసు కాల్పులు, శవాలు. ఆ మరుసటి నెల సన్ సిటీలో క్వీన్ పాట.

నేను అడిగేది ఇదే. చాట్స్‌వర్త్‌లో ఉన్న ఒక సామాన్యుడు తనకొచ్చిన ఓటునే వద్దని ఇంట్లో కూర్చోగలిగాడు. లక్షల డాలర్లున్న గాయకుడు పన్నెండు రాత్రుల పాటను వద్దనలేడా? మన దేశం 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది, అందరికంటే ముందు. పాత పాస్‌పోర్టులు ఎవరింట్లోనైనా ఉంటే తీసి చూడండి, దక్షిణాఫ్రికాకు చెల్లదు అని ఉంటుంది. 1974లో డేవిస్ కప్ ఫైనల్ దాకా వెళ్ళి, అవతల దక్షిణాఫ్రికా అని ఆడకుండా కప్పు వదిలేసుకున్నాం. విజయ్ అమృత్‌రాజ్ వయసుకు అది ఎంత పెద్ద త్యాగమో టెన్నిస్ తెలిసినవాళ్ళకు తెలుస్తుంది.

అవతలి పక్క కూడా చెప్పాలి. మిరియం మకేబా. దక్షిణాఫ్రికా గాయని, అమెరికాలో పాడుతోంది. 1960లో తల్లి చనిపోతే చూడటానికి వెళ్దామంటే పాస్‌పోర్టు రద్దు. 1963లో ఐక్యరాజ్యసమితి కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది, దాంతో పౌరసత్వమూ పోయింది, రేడియోలో పాటా పోయింది. తిరిగి సొంత గడ్డ మీద కాలు పెట్టింది 1990లో. ముప్పై ఏళ్ళు! అంటే, ఆ దేశపు గాయని ఆ దేశంలో పాడటానికి వీల్లేదు, బయటి గాయకులకు మాత్రం లక్షలిచ్చి ఆహ్వానం. ఈ ఒక్క ముక్క చాలు నాకు. తనవాళ్ళ గొంతు నొక్కినవాడు నీ గొంతుకు అంత ధర ఎందుకు పెడుతున్నాడు? గొంతు బాగుందనా?

1985లో స్టీవెన్ వాన్ జాండ్ట్ అనే గిటారిస్టు యాభైమంది దాకా కళాకారులను పోగేసి, మేము సన్ సిటీలో పాడం అని ఒక పాటే చేశాడు. మైల్స్ డేవిస్, బాబ్ డిలన్, స్ప్రింగ్‌స్టీన్, ర్యాప్ పాడే కుర్రాళ్ళు, అందరూ ఒకే పాటలో. అమెరికాలో చాలా రేడియోలు వెయ్యలేదు. అయినా ఆ తర్వాత సన్ సిటీ అంటేనే పెద్ద గాయకులు సిగ్గుపడే పరిస్థితి వచ్చింది.

మూడింతల కూలి

ఇక్కడిదాకా సులువు. ఇప్పుడు చిక్కుముడి.

పాల్ సైమన్, అమెరికా గాయకుడు. ఆయన సన్ సిటీకి రమ్మంటే వెళ్ళలేదు. కానీ 1985 ఫిబ్రవరిలో జోహనెస్‌బర్గ్ వెళ్ళి, అక్కడి నల్ల సంగీతకారులతో స్టూడియోలో రెండు వారాలు రికార్డింగ్ చేశాడు. మరుసటి ఏడు వచ్చిన గ్రేస్‌ల్యాండ్ ఆల్బమ్ అదే. అక్కడ మామూలు రేటు రోజుకు పదిహేను డాలర్లట. ఈయన గంటకు దాదాపు రెండు వందల డాలర్లిచ్చాడు. న్యూయార్క్ రేటుకు మూడింతలు. సెషన్ వాయించేవాణ్ణి కదా, నా మనసు ఆ లెక్క దగ్గరే ఆగిపోతుంది. నాకు జీవితంలో ఎవ్వరూ మూడింతలు ఇవ్వలేదు. ఒప్పుకున్నదాంట్లో మూడో వంతు ఎగ్గొట్టినవాళ్ళు మాత్రం ఉన్నారు, వాళ్ళలో ఒకరిద్దరు ఈ ఊరివాళ్ళే. సభలో లేరులెండి, చూశాను.

అక్కడి నల్ల సంగీతకారుల సంఘం కూడా ఓటింగ్ పెట్టుకుని, రానిద్దాం అనుకుంది. లేడీస్మిత్ బ్లాక్ మంబాజో అనే బృందం ఆ ఆల్బమ్‌తోనే లోకమంతా తెలిసింది. మరి గొడవేమిటి? వర్ణవివక్ష మీద పోరాడుతున్న మండేలా పార్టీ, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను అడగలేదు. అమెరికా నల్ల గాయకుడు హ్యారీ బెలఫోంటే, ముందు వాళ్ళతో మాట్లాడు అని సలహా ఇచ్చాడు. ఈయన మాట్లాడలేదు. కళాకారుడు పార్టీని అనుమతి అడగడమేమిటి అని ఆయన పట్టుదల.

దీని మీద నేను చాలా రోజులు ఆలోచించాను. చివరికి మన ఊరి లెక్కలోనే అర్థమైంది. 1978లో బందు నడుస్తోంది. పొరుగూరి నుంచి ఒక మంచి మనిషి వచ్చాడు, దొర మనిషి కాదు, దొర అంటే పడదు కూడా. మంగలిని పక్కకు పిలిచి, నీ పనితనం బాగుంది, నీకు మూడింతలిస్తా, నాకు గడ్డం గీసిపెట్టు అన్నాడు. మంగలికి లాభమే. వచ్చినవాడు దొంగ కాదు. కానీ ఊళ్ళో కూర్చుని బందు పెట్టుకున్నవాళ్ళను ఒక్క మాట అడిగితే వాడి సొమ్మేం పోయింది? వాళ్ళు సరేననే వాళ్ళేమో! అడగకపోవడమే అక్కడ మంట.

అయితే ఇంకో సంగతి వినండి. 1987లో ఆయన ఆ పాటలతో ఊరూరా తిరిగినప్పుడు ఆయన వెంట వేదిక మీద ఎవరున్నారు? మిరియం మకేబా! దక్షిణాఫ్రికా ట్రంపెట్ కళాకారుడు హ్యూ మసెకెలా! దాదాపు ముప్పై ఏళ్ళుగా ప్రవాసంలో ఉన్నవాళ్ళే ఆయన పక్కన నిలబడి పాడారు. దక్షిణాఫ్రికా సరిహద్దు అవతల, జింబాబ్వే రాజధాని హరారేలో పెట్టిన కచేరీకి దక్షిణాఫ్రికా నుంచి జనం దాటి వచ్చారు. అదే ఏడాది లండన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్ బయట జెర్రీ డామర్స్ లాంటి సంగీతకారులు నిలబడి ధర్నా చేశారు. లోపల మకేబా, బయట డామర్స్. ఇద్దరూ వర్ణవివక్షకు శత్రువులే. మీరైతే లోపలికి పోతారా, బయట నిలబడతారా?

బహిష్కారం ఎత్తేశాక, 1992 జనవరిలో మండేలా వాళ్ళ ఆహ్వానం మీద పాల్ సైమన్ జోహనెస్‌బర్గ్‌లో పాడాడు. అప్పుడు కూడా ఒక తీవ్రవాద బృందం నిర్వాహకుల ఆఫీసు మీద గ్రెనేడ్లు విసిరింది. రమ్మనేవాళ్ళు, రావద్దనేవాళ్ళు ఎప్పుడూ ఒకే గొంతుతో మాట్లాడరు. కానీ అక్కడ ఒక సౌకర్యం ఉంది. అడగడానికి ఎవరో ఒకరున్నారు. ప్రవాసంలో, జైల్లో, లండన్‌లో, లుసాకాలో. పోయి అడిగితే జవాబు చెప్పేవాళ్ళున్నారు.

అడగడానికే ఎవరూ లేకపోతే?

నవ్వుల కాగితం

2025 సెప్టెంబరు 26 నుంచి అక్టోబరు 9 దాకా సౌదీ అరేబియా రాజధాని రియాద్‌లో హాస్యోత్సవం జరిగింది. యాభై మందికి పైగా హాస్యగాళ్ళు. డేవ్ షాపెల్, కెవిన్ హార్ట్, బిల్ బర్, అమెరికాలో స్టేడియాలు నింపేవాళ్ళు. మధ్యలో అక్టోబరు 2 వచ్చింది. 2018లో అదే తేదీన జమాల్ ఖషోగ్గీ అనే సౌదీ పాత్రికేయుడు పెళ్ళి కాగితాల కోసం ఇస్తాంబుల్‌లోని వాళ్ళ కాన్సులేట్‌లోకి నడిచివెళ్ళాడు. బయటికి రాలేదు. ఇప్పటికీ శవం దొరకలేదు.

అట్సుకో ఒకాట్సుకా అనే హాస్యనటి రానని చెప్పి, తనకు పంపిన ఒప్పందంలోని షరతులు బయటపెట్టింది. రాజ్యాన్ని గానీ, దాని నాయకత్వాన్ని గానీ, రాజకుటుంబాన్ని గానీ, న్యాయవ్యవస్థను గానీ, ఏ మతాన్ని గానీ అగౌరవపరిచే, నవ్వులపాలు చేసే మాటలు ఉండరాదు. నవ్వులపాలు చెయ్యొద్దట! చేసేది హాస్యోత్సవం! మన తెనాలి రామకృష్ణుడికి రాయలవారు ఇలాంటి కాగితం ఇచ్చి సంతకం పెట్టమని ఉంటే మన చిన్నప్పటి కథలు ఉండేవా?

షాపెల్ అక్కడి వేదిక మీద నిలబడి, అమెరికాలో కంటే ఇక్కడ మాట్లాడటమే తేలిగ్గా ఉందన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయనకు తేలికే. అంతకు మూడు నెలల ముందే, జూన్‌లో, తుర్కీ అల్ జాసర్ అనే పాత్రికేయుణ్ణి ఏడేళ్ళు జైల్లో పెట్టి ఉరితీశారు లేదా తల తీశారు, ఏదైతేనేం, మరణశిక్ష అమలు చేశారు. 2024లో ఆ దేశంలో మూడు వందలకు పైగా మరణశిక్షలు అమలయ్యాయి.

మనదేశపు మూలాలున్న ఇద్దరి సంగతి చెప్తాను. నిమేష్ పటేల్ ముందు ఒప్పుకుని, తర్వాత మనసు మార్చుకుని వెళ్ళలేదు. అజీజ్ అన్సారీ, వాళ్ళ అమ్మానాన్నలది తమిళనాడు, వెళ్ళాడు. వచ్చిన డబ్బులో కొంత హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థకు, పాత్రికేయుల సంస్థకు విరాళం ఇస్తానన్నాడు. హ్యూమన్ రైట్స్ వాచ్ వాళ్ళు ఆ డబ్బు మేము తీసుకోలేం అన్నారు. ఇది కూడా మనకు తెలియనిదా? దొర పంపిన పప్పన్నం తినాలా వద్దా అని మన తాతలు పడ్డ తర్జనభర్జనే.

వెళ్ళినవాళ్ళ వాదన కొట్టిపారెయ్యను. అక్కడి కుర్రాళ్ళు నవ్వాలా వద్దా? ముప్పై ఐదేళ్ళు సినిమా హాలు లేని దేశం అది, 2018లో మళ్ళీ తెరిచారు. ఆ ఊపిరి నిజమైనదే. అదే 2018లో, ఆడవాళ్ళు కారు నడపొచ్చన్న ఉత్తర్వు అమలులోకి రావడానికి కొన్ని వారాల ముందు, ఆ హక్కు అడిగిన లుజైన్ అల్ హత్‌లూల్‌ను జైల్లో పెట్టారు. హక్కు ఇస్తాం, కానీ అడిగినందుకు వచ్చిందని ఎవరూ అనుకోకూడదు. అర్థమైందా? అందుకే చెప్తున్నా, దక్షిణాఫ్రికాలో రావద్దన్నవాళ్ళు ఒక సంస్థగా ఉన్నారు. సౌదీలో రావద్దు అని అనగలిగినవాళ్ళు జైల్లో ఉన్నారు, లేదంటే మాట్లాడం అని సంతకం పెట్టి బయట ఉన్నారు. మమ్మల్ని అక్కడివాళ్ళు ఎవరూ రావద్దనలేదే అని హాస్యగాళ్ళు అనొచ్చు. ఎవరు అంటారు?

ఆ షరతుల కాగితం ఫోన్లో చదివి మా అబ్బాయి పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేనూ అలాంటి కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణే.

2006 ఉగాది. గల్ఫ్‌లో ఒక దేశం, పేరు వద్దు. నిర్వాహకుల పేరూ వద్దు. తొమ్మిదిమంది ట్రూపు వెళ్ళాం. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అంటారు కదా మన దగ్గర, నేను కూడా దుబాయి పోయినోణ్ణే, కాకపోతే ఐదు రోజులకు. విమానం దిగంగానే స్పాన్సర్ మనిషి వచ్చి మా తొమ్మిది పాస్‌పోర్టులూ తీసుకుని, కూరగాయల సంచీలాంటి పాలిథిన్ కవర్లో వేసుకుని, మూతి ముడివేసి పోయాడు. మళ్ళీ తిరుగు ప్రయాణం రోజే ఇచ్చాడు. ఆ ఐదు రోజులూ నాకు నిద్రలో ఆ ముడే కనిపించేది. ఐదు రోజులకే అలా ఉంటే, ఐదేళ్ళు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, పాస్‌పోర్టు పెట్టి బతికిన మన తమ్ముళ్ళ సంగతేమిటి? కల్లివెల్లి అయి, ఏ కాగితమూ లేకుండా తిరిగినవాళ్ళు ఈ సభలో కూడా ఉన్నారు. చేతులెత్తొద్దు, నాకు తెలుసు.

వెళ్ళకముందే పాటల లిస్టు పంపమన్నారు. ఇరవై నాలుగు పంపాం, ఇరవై ఒకటి తిరిగొచ్చాయి. కొట్టేసిన మూడింట్లో ఒకటి తాగుడు పాట, ఒకటి గుడి పాట. అవి సరే. మూడోది మా ట్రూపులో ఒకతను సొంతంగా కట్టిన పాట. కొడుకు దుబాయి పోతాడు, బాకీ తీరినాక రా బిడ్డా అంటుంది తల్లి, బాకీ తీరకముందే కొడుకు పెట్టెలో వస్తాడు. అంతే పాట. ఇక్కడ మండపాల్లో పాడితే ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్ళు. స్పాన్సర్లు బాధపడతారు, ముందు వరుసలో పెద్దవాళ్ళుంటారు, పండగ పూట ఏడుపు పాటెందుకు అన్నారు. సరేనన్నాం.

ఒక బడి మైదానంలో స్టేజీ. ముందు సోఫాలు. వాటి వెనక ప్లాస్టిక్ కుర్చీలు. వాటి వెనక ఇనుప కంచె, కంచె వెనక మనవాళ్ళు. లేబర్ క్యాంపుల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చినవాళ్ళు, కొందరు డ్యూటీ బట్టల్లోనే. పది గంటలకు బస్సులు తిరిగిపోవాలి. తొమ్మిదిన్నరప్పుడు ఒక వాలంటీరు చీటీ తెచ్చి నా కీబోర్డు మీద పెట్టాడు. సిగరెట్ పెట్టె అట్ట చింపి, లోపలివైపు బాల్‌పెన్నుతో రాసింది. 'సార్ గా పెట్టె పాట జర పాడుండ్రి. కోరుట్ల, రాయికల్, మేడిపల్లి తమ్ముళ్ళు.' మనం ఇక్కడ పాడింది క్యాసెట్ల మీద అక్కడిదాకా పోయింది చూడండి.

పాడేవాడు నా వైపు చూశాడు. నేను కంచె వైపు చూశాను. వాళ్ళు చేతులూపుతున్నారు. సోఫాల వైపు చూశాను. తర్వాత ఏం చేశానంటే, లిస్టులో పదిహేడో నంబరు, ఒక సినిమా హుషారు పాట, దాని బిట్టు ఎత్తుకున్నాను. గట్టిగా. ప్యాడ్స్ వాయించేవాడు అందుకున్నాడు, ఇక ఆగేదేముంది. నన్నెవరూ బెదిరించలేదు. తుపాకీ ఎవరూ పట్టుకోలేదు. నా చేత్తో నేనే ఎత్తుకున్నాను. పదింటికి బస్సులు హారన్లు కొట్టాయి, కంచె వెనక ఖాళీ అయిపోయింది, ముందు సోఫాల దగ్గర డ్యాన్సులు పదకొండున్నర దాకా నడిచాయి.

మనిషికి పన్నెండు వేలిచ్చారు, ఒక ఫ్లాస్కు ఇచ్చారు. ఫ్లాస్కు ఇంకా ఉంది, వేడి నిలవదు.

అందుకే సినాత్రాను గానీ షాపెల్‌ను గానీ తిట్టాలంటే నాకు నోరు పూర్తిగా తెరుచుకోదు. అంత డబ్బు ఎవరూ నా ముందు పెట్టలేదు, పన్నెండు వేలకే నేను పదిహేడో నంబరు ఎత్తుకున్నాను. అట్లాగని వాళ్ళను మెచ్చుకోనూ లేను. ఆ కంచె నేను చూశాను కాబట్టి.

ఆ, మీరేదో అడుగుతున్నారు... మళ్ళీ పిలిస్తే వెళ్తారా అనా? మంచి ప్రశ్న. ముందు వరుసలో కూర్చున్నందుకు మీరే నన్ను అడుగుతున్నారు.

పిలిచారు. ఈ మధ్యనే ఫోను వచ్చింది, ఇంకెవరో నిర్వాహకులు, కుర్రాడి గొంతు. అంకుల్, పాత ట్రూపును మళ్ళీ కలిపి ఒక షో చేద్దాం, పాటల లిస్టు వాట్సాప్ చెయ్యండి, అప్రూవల్ తీసుకోవాలి అన్నాడు. ఆ పాట కట్టినతను ఇప్పుడు లేడు. వాళ్ళబ్బాయిని అడిగాను, మీ నాన్న పాట రాయనా అని. రాయండి పెదనాన్నా అన్నాడు. ఇరవై పాటల లిస్టు పంపాను. ఒకటో నంబరు పెట్టె పాట.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. మూడు వారాలైంది.